బూట్ల పెట్టెలో నాలుగు గిగాహెర్ట్జ్

చాందినీ చౌక్ కంప్యూటర్ బజారులో గోవిందరాజు మెచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు. మెచ్చుకున్న వస్తువులు మాత్రం నాలుగైదు ఉండేవి. అవి ఇంకా కలకత్తా చేరలేదు.

శనివారం ఆఫీసు వదలగానే సాల్ట్ లేక్‌లో బస్సెక్కి నేరుగా ఆ బజారుకి వచ్చేవాడు. కొనడానికి కాదు, తీసిపారేయడానికి. ఏదో ఒక కౌంటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతివాడూ ఏం కొంటున్నాడో చూసి ముక్కు చిట్లించేవాడు. హార్డ్ డిస్కు ఎంతుందని అడిగి కంప్యూటర్ ఎంచుకునే పెద్దమనుషులంటే అతనికి జాలి. నీలం దీపాల ఫ్యాన్లు నాలుగు తగిలించుకుని బీరువా అంత క్యాబినెట్ మోసుకుపోయే కాలేజీవాళ్ళంటే ఒళ్ళుమంట. ఇక సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో తన ఆఫీసులోనే పనిచేసే హైదరాబాదు తెలుగువాళ్ళంటే మరీ చులకన. వాళ్ళు పెట్టె మీద పేరు చూసి కొంటారు తప్ప లోపల ఏముందో చూడరని అతని ఆరోపణ. వాళ్ళ ముందు ఓసారి ఇంటి యాసలో "ఏటి" అని నోరు జారితే నవ్వారన్నది అసలు సంగతి. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంతకీ ఆ ఆఫీసులో గోవిందరాజు చేసేది చచ్చిపోయిన కీబోర్డులూ మౌసులూ మార్చే పని. ముప్ఫై రెండేళ్ళొచ్చాయి. తండ్రి అప్పలసూరి శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల మీద సరుకెత్తే వించి తోలి, తోలి, పింఛను పుచ్చుకున్న రెండేళ్ళకే పోయాడు. తల్లి సన్యాసమ్మతో కలిసి డాక్ పక్క వాట్‌గంజ్‌లో ఆ పాత రెండు గదుల్లోనే ఉంటున్నాడు. బయట ఎవడూ ఇతన్ని లెక్కచేయడు. అందుకని ఇతను ఎవణ్ణీ లెక్కచేయకుండా చూసుకునేవాడు.

అతన్ని లెక్కచేసే చోటు ఒకటి ఉంది, అది ఇంటర్నెట్లో. కలకత్తాలో ఓవర్‌క్లాకింగ్ పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి నడుపుకునే ఫోరం అది. ప్రాసెసర్ మీద కంపెనీ ఒక వేగం అచ్చేసి అమ్ముతుంది. దానికి కాస్త ఎక్కువ కరెంటిచ్చి, వేడెక్కకుండా చూసుకుంటూ, ఆ అచ్చేసిన వేగానికి మించి పరిగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. పెద్ద పెట్టెలో అయితే గాలి ఆడుతుంది కాబట్టి ఓపిక ఉన్నవాడెవడైనా చేస్తాడు. చిన్న పెట్టెలో వేడి పోయే దారుండదు, పెద్ద కూలరు పట్టదు, పెద్ద పవర్ సప్లై పట్టదు. ఏ ముక్కకి ఆ ముక్క ఏరి తెచ్చుకోవాలి. 2009 మే నెలాఖరు ఆదివారం ఫోరం వాళ్ళంతా సాల్ట్ లేక్‌లో ఒక హాలు తీసుకుని, ఎవరి యంత్రాలు వాళ్ళు తెచ్చి చూపించాలనుకున్నారు. గోవిందరాజు ఊరుకోలేదు. బూట్ల పెట్టెకి మించని కంప్యూటర్ తెస్తాననీ, రెండున్నర గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ని నాలుగు మీద గంటసేపు ఆపకుండా పరిగెత్తిస్తాననీ, మిగతావాళ్ళు తమ బీరువాలు ఇంట్లోనే ఉంచుకుని టాక్సీ ఖర్చు మిగుల్చుకోవచ్చనీ రాసేశాడు.

రాసేశాక సామాను ఏరడం మొదలైంది. అందుకు అతనికి దొరికినవాడు యేసురత్నం.

యేసురత్నం వాట్‌గంజ్‌లో ఎదురింటివాడే. వాళ్ళ నాన్న కూడా డాక్‌లోనే చేసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మెట్ల మీద కూర్చుని ఒకే ముంతలో టీ తాగినవాళ్ళు. పదో తరగతితో చదువు ఆపేసి చాందినీలో నిమాయి బాబు దుకాణంలో చేరాడు. తొమ్మిదేళ్ళు మూడో అంతస్తు గోదాములోకి అట్టపెట్టెలు మోసి మోసి వెన్నుపూస జరిగితే, ఆరు నెలలు మంచం మీదుండి లేచాక, నిమాయి బాబు దయతలచి కౌంటరులో స్టూలు వేశాడు. రెండేళ్ళయింది ఆ స్టూలెక్కి. డాక్టరు ఇక బరువెత్తితే నడుము నీది కాదని చెప్పాడు కాబట్టి ఆ స్టూలు అతనికి ఉద్యోగం మాత్రమే కాదు.

కౌంటరుకి ఒక కట్టుబాటు ఉంది. విప్పిన పెట్టె వెనక్కి వస్తే కొత్తదిగా అమ్ముకోలేరు. కంపెనీవాళ్ళకి పంపితే వాళ్ళు అచ్చేసిన వేగంలో నడిపి చూసి, బాగానే ఉందని తిప్పికొడతారు. అందుకని కౌంటరులో ఎవరి మాట మీద వాపసు తీసుకుంటే ఆ వాపసు వాళ్ళ పేరున పడుతుంది. బెంగాలీ ఉగాది పొయిలా బైశాఖ్ నుంచి దుర్గాపూజల లోపు మూడు వాపసులు పడితే ఆ మనిషి కౌంటరు దిగి గోదాముకి పోవాలి. ఈ సంగతి యేసురత్నం మొదటి రోజే గోవిందరాజుకి చెప్పాడు. సామాను నచ్చితేనే పట్టుకెళ్ళమనీ, పట్టుకెళ్ళాక తన మీదికి తేవద్దనీ బతిమాలినట్టే చెప్పాడు.

గోవిందరాజు ఆ మాట గాలికి వదిలేశాడు. సరిగ్గా ఏరేవాడికి వాపసులెందుకొస్తాయన్నాడు.

ఏరడమంటే ఏరడమే. ఒకే ప్రాసెసర్లో కూడా ఏ వారం తయారైందన్న దాన్ని బట్టి కొన్ని ఎక్కువ వేగం తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. యేసురత్నం స్టూలు దిగి, అట్టపెట్టె విప్పి, ఇరవై డబ్బాల మీద చీమల్లాంటి నంబర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. గోవిందరాజు పంతొమ్మిదింటికి పెదవి విరిచి ఇరవయ్యోది తీసుకున్నాడు. మెమరీ దగ్గర ఇంకో గంట. మదర్‌బోర్డు దగ్గర మరీ అన్యాయం. అరచేయంత బోర్డులు రెండే రకాలు దొరికాయి, అందులో ఓవర్‌క్లాకింగ్‌కి పనికొచ్చేది ఒక్కటే, అది కావాలంటే బొంబాయి నుంచి తెప్పించాలి. యేసురత్నం తన పూచీ మీద తెప్పించాడు. కూలరు పెట్టె మూతకి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయేటంత పొట్టిది కావాలంటే నాలుగు దుకాణాలు తిరిగి అదీ పట్టుకొచ్చాడు. ఇంత చేసినవాడికి గోవిందరాజు థాంక్స్ చెప్పలేదు సరికదా, ఈ కౌంటర్లలో కూర్చునేవాళ్ళకి మెమరీకీ బిస్కట్‌కీ తేడా తెలియదని పక్కనున్న కస్టమర్‌తో అన్నాడు. యేసురత్నం నవ్వేసి ఊరుకున్నాడు. అతనికి నవ్వి ఊరుకోవడం అలవాటు.

చాందినీలో దొరకనిది ఒక్కటే, ఆ పెట్టెలో పట్టే చిన్న పవర్ సప్లై. అది ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్లో దొరికింది. ఓడల మీద వచ్చిన సామాను అమ్మే బజారది. జపాన్ సరుకు, మూడు వందల వాట్లు, అరచేతిలో ఇమిడేంత. దాని మీద చీటీ చదివి గోవిందరాజు మురిసిపోయాడు. వంద వోల్టుల నుంచి రెండు వందల నలభై దాకా ఎంతిచ్చినా నడుస్తుందని రాసుంది. అన్నీ తెచ్చి, ముందు గదిలో బల్ల మీద ఒక సాయంత్రం అంతా కూర్చుని బిగించాడు. బూట్ల పెట్టెకి ఇంకా నాలుగు వేళ్ళు చిన్నగానే వచ్చింది. నిజం చెప్పుకోవాలి, బిగించడంలో మాత్రం అతని చెయ్యి మంచిది.

ఇక్కడ సన్యాసమ్మ సంగతి చెప్పాలి. 1983లో అప్పలసూరి ఒక జపాన్ ఓడవాడి దగ్గర టేప్‌రికార్డరు కొని తెచ్చాడు. వీధిలో ఎవరికీ లేని వస్తువని ఇరుగుపొరుగుని పిలిచి గోడ ప్లగ్గులో పెట్టారు. టప్పుమని పేలి, గదంతా పొగ. వాళ్ళ దేశంలో కరెంటు మన కరెంటులో సగమేనని డాక్‌లో ఎలక్ట్రీషియన్ చెప్పి, ఒక బరువైన ఇనప డబ్బాలో ట్రాన్స్‌ఫార్మరు చుట్టి ఇచ్చాడు. మన కరెంటు ఇటు పోతే వాళ్ళ కరెంటు అటు వస్తుంది. వాట్‌గంజ్ డాకువాళ్ళ ఇళ్ళల్లో అలాంటి డబ్బా లేని ఇల్లు లేదు. ఓడ మీద వచ్చిన వస్తువేదైనా ముందు డబ్బాలో పెట్టాలన్నది సన్యాసమ్మకి మొగుడు నేర్పిన శాస్త్రం. ఆ తర్వాత పాతికేళ్ళు ఆ ఇంట్లో ఏదీ పేలలేదు.

కొడుకు తెచ్చిన వస్తువు ఫ్యాన్సీ మార్కెట్ నుంచి వచ్చిందని ఆవిడ చూసింది. దాని తీగకి చివర రెండు బద్ద ములుకులున్నాయనీ, అవి గోడ ప్లగ్గులో పట్టక కొడుకు మధ్యలో ఇంకేదో తగిలించాడనీ చూసింది. మర్నాడు పొద్దున్నే మంచం కింద నుంచి డబ్బా లాగి, తుడిచి, బల్ల కిందికి తోసి, తీగ తీసి అందులో గుచ్చింది. ములుకులు సరిగ్గా పట్టాయి. బల్ల గుడ్డ కిందికి దించింది. దొంగతనంగా చేసింది కాదు. డబ్బాలో పెట్టానని కొడుక్కి చెప్పింది కూడా. కొడుకు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద ఎవడి మీదో విసుర్లు రాసుకుంటూ, "ఊఁ" అన్నాడు.

ఆ డబ్బా ఒక టేప్‌రికార్డరు కోసం చుట్టింది. మహా అయితే చిన్న టీవీని మోస్తుంది. కంప్యూటర్ మామూలు వేగంలో నడుస్తున్నంతసేపూ అదీ ఎలాగోలా మోసింది. నాలుగు గిగాహెర్ట్జ్ పెట్టి పూర్తి పని అప్పగించేసరికి డబ్బా మూలిగింది, అటు వచ్చే కరెంటు జారిపోయింది, పదకొండో నిమిషంలో కంప్యూటర్ ఠక్కున ఆరిపోయింది.

గోవిందరాజు తెరని అసహ్యంగా చూశాడు. మళ్ళీ పెట్టాడు, తొమ్మిదో నిమిషంలో ఆరింది. వేడి చూశాడు, లేదు. రెండు రోజులు అంకెలు మార్చి మార్చి చూసి తీర్పిచ్చేశాడు. ప్రాసెసర్ చెత్తది. యేసురత్నం నంబరు తప్పు చదివి అంటగట్టాడు.

మొదటి వాపసు అలా పడింది. యేసురత్నం డబ్బా మీద నంబరు చూపించాడు, సరిగ్గానే ఉంది. అయినా చిన్నప్పటి స్నేహితుడు నలుగురి ముందు గొంతు పెంచుతుంటే సిగ్గుపడి తీసుకున్నాడు. ఇంకోటి ఇచ్చాడు. అదీ పన్నెండో నిమిషంలో పడుకుంది.

ఈసారి తప్పు మెమరీది. అసలు మెమరీ పేరుతో నకిలీ ముక్కలు అమ్ముతున్నారని గోవిందరాజు ఫోరంలో రాశాడు. దుకాణం పేరు రాయలేదు గాని, కౌంటరులో కూర్చునేవాడికి నడుం నొప్పి అని రాశాడు, చాందినీ మొత్తానికి తెలిసేటట్టు. మెమరీ పట్టుకెళ్ళి కౌంటరు మీద విసిరినట్టే పెట్టాడు. యేసురత్నం చాలాసేపు ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాడు.

"కరెంటు ఎలగుందో సూసినావా గోవిందూ? లోడెక్కినప్పుడే పడిపోతందంటే అక్కడే ఏటో ఉన్నాది. ఆదివారం చర్చి అయినాక నానొచ్చి ఒకపాలి సూస్తాను."

గోవిందరాజు నవ్వాడు. వంద నుంచి రెండు వందల నలభై దాకా ఎంతిచ్చినా నడిచే జపాన్ సరుకది, దాని మీద రాసిందేమిటో చదవగలిగినవాడికి ఆ ప్రశ్న రాదు అన్నాడు. పది చదివినవాడు వచ్చి చూసేదేమిటి అని కూడా అన్నాడు. యేసురత్నం వేరే మెమరీ తీసి ఇచ్చాడు. రెండో వాపసు తన పేరున తానే రాసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత బంద్ వచ్చింది. ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో గోవిందరాజు కనుక్కోలేదు. బస్సుల్లేవు, ఆఫీసు లేదు, అంతవరకు మంచిదే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని పరీక్ష మీద పరీక్ష పెట్టాడు. బల్ల కింద నుంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. పక్కింటి ఫ్రిజ్ అనుకున్నాడు, అనుకుని పక్కింటివాళ్ళు కొన్న ఫ్రిజ్‌ని కూడా తీసిపారేశాడు. సన్యాసమ్మ అన్నం పెట్టి పిలిస్తే నాలుగోసారికి వచ్చాడు. ఏమైందిరా అని అడిగితే నీకు అర్థం కాదులే అన్నాడు.

మర్నాడు మదర్‌బోర్డు విప్పుకుని పోయాడు. బొంబాయి నుంచి తెప్పించిన బోర్డది, వాపసు కుదరదని యేసురత్నం కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. మూడోది పడితే తన సంగతేమిటో గుర్తుచేశాడు. గోవిందరాజుకి గుర్తు లేకపోలేదు. గుర్తుండే కౌంటరు చివర తాడుకి వేలాడే ఫిర్యాదుల పుస్తకం లాగి, ఇంగ్లీషులో అరపేజీ దట్టించాడు. అందులో యేసురత్నం పేరు మూడుసార్లు వచ్చింది. కౌంటరు మనిషికి ఏమీ తెలియదనీ, తెలియని సంగతి కూడా తెలియదనీ, మూడుసార్లు పాడు సామాను అంటగట్టాడనీ రాసి, కింద పూర్తి పేరూ, చేయని ఉద్యోగం హోదా ఒకటీ తగిలించి పెద్ద సంతకం గీశాడు. నిమాయి బాబు అది చదివాడు. బోర్డు వాపసు తీసుకున్నాడు. గురువారం పొద్దున్న యేసురత్నాన్ని స్టూలు దించి గోదాముకి పంపాడు.

గోవిందరాజు అదే సాయంత్రం, ఈమధ్యే బొంబాయి నుంచి సరుకు తెప్పించుకున్న ఇంకో దుకాణంలో అచ్చం అలాంటి బోర్డే కొని తెచ్చుకున్నాడు. ఫోరంలో నలుగురు మెచ్చుకున్నారు, కౌంటర్లవాళ్ళకి బుద్ధి చెప్పావన్నారు. ఆ మెప్పు మీద రెండు రోజులు బతికాడు.

శనివారం మధ్యాహ్నం కొత్త బోర్డుతో మళ్ళీ నాలుగు పెట్టాడు. మర్నాడే సాల్ట్ లేక్ సభ. ఆరో నిమిషానికి గదిలో కాలిన వాసన వచ్చింది. ఈ బోర్డు కూడా తగలడిపోయిందని నోటికొచ్చినట్టు తిడుతూ లేచాడు. వంటింట్లోంచి సన్యాసమ్మ వచ్చి, బల్ల గుడ్డ పైకెత్తి, నేల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది.

"బోర్డు కాదురా, డబ్బా కాలిపోతంది."

గోవిందరాజుకి ముందు అర్థం కాలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. ఇరవై రోజుల నుంచి తన నాలుగు గిగాహెర్ట్జ్ ఏ డబ్బా మీద నడుస్తోందో అప్పుడు చూశాడు. తల కొట్టేసినట్టయింది. ఆ డబ్బా ఏమిటో, ఎంత మోస్తుందో, లోడు పడితే ఏమవుతుందో ఆ క్షణంలో గడగడా అప్పజెప్పగలడు. అంతా తెలిసినవాడే.

తీగ పీకి గోడలో పెట్టాడు. నాలుగు మీద గంట నడిచింది. గంటన్నర నడిచింది. చెక్కుచెదరలేదు.

ఇక్కడ మనిషన్నవాడికి ముందు ఏం గుర్తు రావాలో చదివేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. గోవిందరాజుకి మాత్రం ముందు సంతోషం వచ్చింది. తెర ఫొటో తీశాడు, ఫోరంలో పెట్టాడు, రేపు అందరూ టాక్సీ ఖర్చు మిగుల్చుకోండి అని మళ్ళీ రాశాడు. ఈల కూడా వేశాడు. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఎదురింటి దయమ్మ కొడుకు రత్నం రెండు రోజులుగా నడుము పట్టుకుని మెట్లెక్కుతున్నాడని ఆవిడకి తెలుసు. ఎందుకలా ఎక్కుతున్నాడో దయమ్మ నిన్ననే చెప్పింది.

"మరి రత్నం?" అంది.

సోమవారం చూద్దామన్నాడు. నిమాయి బాబుకి ఒక ఈమెయిల్ పెడతానన్నాడు. అయినా అది వాళ్ళ దుకాణం వ్యవహారమన్నాడు. సన్యాసమ్మ చీర మార్చుకుని, ఇంకా వేడిగా ఉన్న ఆ డబ్బాని పాత గోనె సంచీలో వేసి భుజాన పెట్టుకుంది. దుకాణం ఏడింటిదాకా ఉంటుంది కదా, బేగి పద అంది. ఆరు కిలోల ఇనుముతో ముసలి తల్లి ఒక్కతీ బస్సెక్కితే వీధంతా చూస్తుంది. ఆ భయానికి అతను చెప్పులు వేసుకున్నాడు. సంచీ మాత్రం పట్టుకోలేదు. బజారు పక్క ధర్మతల్లాలో బస్సు దిగేదాకా ఆవిడే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శనివారం కాబట్టి దుకాణం కిక్కిరిసి ఉంది. ఫోరంవాళ్ళు ఇద్దరు ఉన్నారు, గోవిందరాజుని చూసి చెయ్యి ఊపారు. కౌంటరులో ఎవరో కొత్తవాడు. గోవిందరాజు నిమాయి బాబు దగ్గరికి పోయి, గొంతు తగ్గించి బెంగాలీలో మొదలుపెట్టాడు. సామానులో లోపం లేదని తేలిందన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళు చదువుకోనివాళ్ళనీ, తన తల్లి తెలియక తీగ తీసి ఏదో పాత తుక్కు డబ్బాలో గుచ్చిందనీ, ఇది ఎవరి తప్పూ కాదనీ అన్నాడు. ఎంత తగ్గించినా ఆ గొంతు పక్కవాళ్ళకి వినిపించింది. కొత్త కౌంటరువాడు నవ్వాడు. ఫోరంవాళ్ళు నవ్వారు. గోవిందరాజు కూడా వాళ్ళతో కలిసి కాస్త నవ్వాడు.

నలభై ఏళ్ళుగా వాట్‌గంజ్‌లో చేపలు బేరమాడిన సన్యాసమ్మకి బెంగాలీ రాదని అతను ఎలా అనుకున్నాడో అతనికే తెలియాలి. ఆవిడ సంచీ కౌంటరు మీద పెట్టి డబ్బా బయటికి తీసింది. కొడుకు వైపు తిరిగింది.

"ఎట్టింది నానే. ఎట్టినానని సెప్పినాను, నువ్వు ఊఁ అన్నావు. నాకు సదువు నేదు, ఆ సీటీ మీద ఏటి రాసుందో నాకు తెల్దు. నీకు తెలుసు గదా. ఇరవై రోజులు ఆ గుంటడి సామానంతా ఇప్పి ఇప్పి సూసినావు. ఒక్కపాలి బల్ల కిందికి వంగి సూసినావేటి?"

తెలుగులో అన్నది కొడుక్కి. తర్వాత అదే మాట బెంగాలీలో నిమాయి బాబుకి చెప్పింది, నవ్వినవాళ్ళకి వినపడేటట్టు. ఫోరంవాళ్ళు మళ్ళీ నవ్వారు గాని, ఈసారి ఆవిణ్ణి చూసి కాదు.

నిమాయి బాబు మెత్తనివాడేం కాదు. ఆయన ఫిర్యాదుల పుస్తకం తీసి, ఆ అరపేజీ ఉన్నచోట తెరిచి గోవిందరాజు ముందుకు తోశాడు. దీని కిందే నీ చేత్తో రాయి, రాసింది సరిగ్గా ఉంటే యేసురత్నాన్ని కౌంటరులో కూర్చోబెడతాను, లేకపోతే లేదు అన్నాడు. అది దుకాణానికి వచ్చినవాళ్ళంతా నిలబడి నిలబడి విసుగొచ్చి తిరగేసే పుస్తకం. గోవిందరాజు చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి చూశాడు. అయినా కలం తీసి ఇంగ్లీషులో ఒక్క లైను గబగబా రాసి పుస్తకం మూసేశాడు.

సన్యాసమ్మ దాన్ని మళ్ళీ తెరిచింది. మెట్ల మీంచి యేసురత్నం దిగుతున్నాడు, రెండు చేతుల్లో అట్టపెట్టె, నడుము ఒక పక్కకి ఒరిగింది. ఆవిడ పిలిచి, ఏం రాశాడో చదవమంది. అతను పెట్టె నేల మీద దించి, కాసేపు ఊపిరి తీసుకుని, చదివాడు.

"కస్టమర్ ఇంటి కాడ కరెంటు ఇబ్బందొచ్చిందట, అది తీరిపోనాదట పిన్నీ."

"కరెంటుకేటయినాది? కరెంటు బాగానే ఉన్నాది. నీ పేరేదిరా అందులో?"

"నా పేరు నేదు పిన్నీ."

పైన అరపేజీలో మూడుసార్లున్న పేరు కింద ఒక్కసారి కూడా లేదు. నిమాయి బాబు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. సన్యాసమ్మ ఆ లైను మీద వేలు పెట్టి, ఇది కొట్టేసి మళ్ళీ రాయమంది. సామాను మంచిదేనని రాయమంది. బల్ల కింద చూడలేదని రాయమంది. రత్నం కరెంటు చూడమన్నాడా లేదా అని అడిగింది. అన్నాడని గోవిందరాజు నీళ్ళు నమిలితే, అదీ రాయమంది. ఫోరంలో ఎడాపెడా నాలుగు వేల పోస్టులు రాసిన చెయ్యి ఆ నాలుగు లైన్లు రాయడానికి పావుగంట తీసుకుంది. వెనక వరుసలో నిలబడినవాళ్ళు కాళ్ళు మార్చుకున్నారు. ఫోరంవాళ్ళలో ఒకడు అతని భుజం మీంచి తొంగి చూశాడు, చూసి రెండోవాడికి సైగ చేశాడు. గోవిందరాజుకి చెవులు మండుతున్నాయి. ఈ దుకాణం, ఈ బజారు, ఆదివారం సభ, అన్నీ అతనికి ఇప్పుడు మరీ చవకబారుగా కనిపించాయి. కాని యేసురత్నం పేరు రాశాడు. రెండుసార్లు రాశాడు. రాసి, కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

యేసురత్నం పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని మొత్తం చదివాడు. పైన ఉన్న అరపేజీ కూడా అప్పుడే మొదటిసారి చదివాడు. దాని కింద ఉన్న పెద్ద సంతకం చూశాడు. తర్వాత పుస్తకాన్ని గోవిందరాజు వైపు తిప్పి పెట్టాడు.

"సంతకం ఎట్టనేదు," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

గోవిందరాజు జేబులోంచి కలం మళ్ళీ తీశాడు.